గొడుగుల కింద చామంతులు

ఏలూరులో వీధి దీపం వెలగడం లేదని ఫిర్యాదు చేసినవాళ్ళు ఎంతమందైనా ఉంటారు. వెలుగుతోందని ఫిర్యాదు చేసిన మనిషి నాకు తెలిసి ఒక్కావిడే. మా ఇంటికి ఎదురు వరసలో ఉండేవారు. మొన్న వానాకాలంలో పోయారు. ఆ తరవాత మా వీధి దీపం జోలికి ఎవరూ వెళ్ళలేదు. అది నిశ్చింతగా వెలుగుతోంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఎందుకో కొంచెం కోపం వస్తోంది.

నా సంగతి ముందే చెప్పేస్తాను. మా నాన్నగారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు. మేనమామలది బట్టల కొట్టు. ఉయ్యాల్లో ఉండగా నేను విన్న జోలపాట "మీ చివరి మాట చెప్పండి" అనేదే అయ్యుంటుంది. ఏలూరు వచ్చి గొడుగుల కొట్టు పెట్టుకున్నాను. వానొస్తే నవ్వుతాను, ఎండ కాస్తే ఇంకా నవ్వుతాను. పన్ను పీకించుకోడానికి వెళ్ళి, పక్క పన్ను కూడా కదులుతోంది కాబట్టి రెండూ కలిపి ఎంతకిస్తారని డాక్టరుగారిని అడిగిన మనిషిని. అలాంటి నేను ఒక చామంతి పిలక కోసం ఆవిడతో ఏళ్ళ తరబడి బేరమాడాను. ప్రతిసారీ ఆవిడ గుమ్మంలోంచి చేతులూపుకుంటూ బయటికొచ్చాను.

మేమంతా ఆవిడని పిన్నిగారూ అనేవాళ్ళం. పొట్టి మనిషి. కుడిచేతి బొటనవేలి గోరు, చూపుడువేలి గోరు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. చామంతి కొమ్మల తలలు గిల్లీ గిల్లీ అంటిన పచ్చ అది. సబ్బుతో పోయేది కాదు, పోగొట్టుకోవాలన్న సరదా కూడా ఆవిడకి ఉన్నట్టు లేదు. మొక్క ఒకే పుల్లలా పైకి పోకుండా గుబురుగా రావాలంటే వినాయక చవితి దాకా తలలు గిల్లుతూనే ఉండాలట. ఆవిడకి ఆ అలవాటు మాటల్లోకి కూడా వచ్చేసింది. ఎవరైనా పొడుగ్గా చెప్పడం మొదలుపెడితే మధ్యలో టక్కున గిల్లేసేవారు.

"మా మావగారి తమ్ముడుగారి పెద్దబ్బాయి ఉన్నాడే, వాడు కైకలూరులో చెరువు తీసుకుని రొయ్యలేసి, ఆ రొయ్యలకి తెల్లమచ్చ వచ్చి..."

"పోయాయా అండీ?"

"పోయాయండీ."

"అయ్యో పాపం. కాఫీ తాగుతారా?"

నాకు ఆవిడతో అసలు పరిచయం చెత్తబండి దగ్గర జరిగింది. చలికాలంలో సైకిలు మీద మొక్కలమ్మే అతనితో గంటసేపు తగువాడి, ఊదారంగు చామంతి కుండీ ఒకటి కొన్నాను. పువ్వులు బాగానే పూసింది. మాఘమాసానికి పూలూ ఆకులూ మాడిపోయి కట్టెలు మిగిలాయి. తీసుకెళ్ళి బండిలో వెయ్యబోతుంటే ఎదురింటి గేటు చప్పుడయింది.

"ఏవండీ అబ్బాయిగారూ, ఏం చేస్తున్నారండీ అది?"

"ఎండిపోయింది పిన్నిగారూ. పారేస్తున్నాను."

"మధ్యాహ్నం మీరు భోంచేసి పడుకుంటారు కదండీ, మీ ఆవిడ మిమ్మల్ని తీసుకొచ్చి బండిలో వేస్తున్నారా?"

చెత్తబండి అతను పెద్దగా నవ్వాడు. ఆవిడ కుండీ నా చేతిలోంచి తీసుకుని, కట్టెల్ని మొదలుకంటా విరిచేసి, పైమట్టి గోటితో కదిపారు. లోపల గోరంత ఆకుపచ్చ మొలకలు, ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్నాయి.

"పైవాటా ఖాళీ చేసిందండీ, అంతే. కింద వాటాలో పిల్లలున్నారు. ఎండ తగలని చోట పెట్టి, పొద్దున్న పూట కాసిని నీళ్ళు చల్లండి. వానలు మొదలైతే చూరు కిందకి లాగెయ్యండి. దీనికి ఎండంటే భయం లేదు, మన వానంటేనే భయం. వేరు కుళ్ళిపోద్ది."

ఆరోజే మొదటిసారి ఆవిడ పెరట్లోకి వెళ్ళాను. పెరడంటే వీధి వైపు గోడకీ ఇంటికీ మధ్య ఉన్న జాగా. ఎండ తగిలేది అక్కడే. గోడ పొడుగునా కుండీలు, పగిలిన బకెట్లు, అడుగు పోయిన సత్తు గిన్నెలు. అన్నిట్లోనూ ఒకటే రకం చామంతి. ఇంకో మొక్క లేదు. ఆ పువ్వు ఆవిడ ఒకటి ఎండబెట్టి దేవుడి పటం వెనక పెట్టుకున్నారు, తీసి చూపించారు. చిన్నది, రూపాయి బిళ్ళంత. మధ్యలో ఇటుక రంగు, అంచుకి వచ్చేసరికి లేత పసుపు. అంత ఎండినా ముట్టుకున్న వేళ్ళకి సాయంత్రం దాకా వాసన వదల్లేదు. ఇలాంటిది నేను ఏ బజార్లోనూ చూడలేదు. చూడలేదంటే వెంటనే కావాలనిపించింది. కొట్టు రక్తం.

"ఇందులో ఒక్క పిలక ఇప్పించండి పిన్నిగారూ."

"అమ్మేది కాదండీ."

"అయితే ఊరికే ఇవ్వండి."

"ఊరికే ఇచ్చేదీ కాదండీ."

"మరెలాంటిదండీ ఇది?"

"చూసేదండీ. చూడండి."

చూసి వచ్చేశాను. తరవాత తరవాత సంగతి తెలిసింది. ఆ మొక్క వాళ్ళ అత్తగారిది. కొల్లేటికోటలో, నీళ్ళు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయే ఇంట్లో, ఎత్తుగా మట్టి పోయించి మరీ పెంచిన చామంతి దుబ్బు. కోడళ్ళు ఇద్దరు. మా పిన్నిగారు పెద్ద కోడలు, ఏలూరు వచ్చారు. చిన్న కోడలు తాడేపల్లిగూడెం వెళ్ళారు. వెళ్ళేటప్పుడు వాటాలు పడ్డాయి. వాటాల్లో రుబ్బురోలు దగ్గర పేచీ వచ్చింది. ఇద్దరూ వదల్లేదు. చివరికి రోలు గూడెం వెళ్ళింది, పొత్రం ఏలూరు వచ్చింది. ఇక్కడ రుబ్బడానికి రోలు లేదు, అక్కడ తిప్పడానికి పొత్రం లేదు. ఆరోజు నుంచి తోడికోడళ్ళకి మాటల్లేవు.

అత్తగారు రోలు సంగతిలో తల దూర్చలేదు. చామంతి దుబ్బు మాత్రం నిలువునా చీల్చి ఇద్దరికీ చెరో సగం ఇచ్చి షరతు పెట్టారు. ఏటా ఎవరి మొక్క ముందు పూస్తే వాళ్ళు తొలి పువ్వు రెండోవాళ్ళకి పంపాలి. పువ్వు అందుకున్నవాళ్ళు పంపినవాళ్ళింటికి వెళ్ళి భోంచేసి రావాలి. పిలక ఈ రెండిళ్ళు దాటకూడదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా షరతు పోలేదు. గెలిచినవాళ్ళకి వంటపనీ, ఓడినవాళ్ళకి విందుభోజనమూ పెట్టిన ఆ అత్తగారు మా బజార్లో కొట్టు తెరిచి ఉంటే మేమందరం మూసుకునేవాళ్ళం.

ఏటా గెలిచేది మా పిన్నిగారే. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం గూడెం ఆవిడ పాసింజరు దిగి, మొహం ముడుచుకుని వచ్చేవారు. బక్కపల్చటి మనిషి, నడక చురుకు. ఆ భోజనానికి నన్నూ పిలిచేవారు. పూలు చూడమని కాదు. మధ్యలో కూర్చుని మాటలు చేరవెయ్యమని.

"అబ్బాయిగారూ, వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందేమో ఆవిడని అడగండి."

ఆవిడ నా పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నారు. "ఉప్పు సరిపోయిందా అండీ?"

"సరిపోయిందని చెప్పండి. కారం గురించి అడగలేదు కాబట్టి చెప్పటం లేదని కూడా చెప్పండి."

"ఆవిడ మొక్కకి ఆకులన్నీ మొదట్లోనే పండిపోతున్నాయేమో అడగండి. నీళ్ళెక్కువ పోసేస్తారు. అత్తయ్యగారు అప్పుడే చెప్పారు."

"అత్తయ్యగారు నాకేం చెప్పారో నాకు తెలుసని చెప్పండి. పెరుగు ఇటు జరపమనండి."

నేను పెరుగు జరిపేవాణ్ణి. పిలక దొరకలేదు గానీ, ఇద్దరి చేతి వంటల మీదా విమర్శ నాకు కంఠతా వచ్చింది. వెళ్ళేటప్పుడు గూడెం ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, కుండీల వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేవారు. పిన్నిగారు ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసి, "చిక్కిపోయింది," అని కుండీలతో చెప్పేవారు.

ఇంతలో మా వీధికి ఎల్‌ఈడీ దీపం వచ్చింది. సరిగ్గా పిన్నిగారి గోడ పక్క స్తంభానికి. తెల్లటి వెలుగు, వీధిలో సూది పడినా వెతుక్కోవచ్చు. అందరం సంబరపడ్డాం. ఆ ఏడు కార్తీకానికి స్తంభం కింద కుండీలన్నీ ఆకులు. పచ్చగా, ఏపుగా, సిగ్గులేకుండా ఆకులు. స్నానాలగది గోడ నీడ పడే మూల ఉన్న ఒక్క సత్తు గిన్నె మాత్రం పూసింది. ఆ ఒక్క గిన్నెతోనే ఆవిడ గూడెం మీద గెలిచారు గానీ, గెలుపులో ధీమా పోయింది.

"వీటికి రాత్రయిందని తెలియాలండీ," అన్నారు నాతో. "పొద్దు తగ్గి, రాత్రి పెరిగితేనే మొగ్గ వేస్తాయి. ఈ దీపానికి రాత్రే లేదు. పెళ్ళివారింట్లో పడుకున్నట్టుందండీ వాటి బతుకు."

దీపం తియ్యమని మున్సిపల్ ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్ళారు. కౌంటరు దగ్గర ఉన్నతను రెండుసార్లు చదివి, "తియ్యాలా, పెట్టాలా అండీ?" అన్నాడట. తియ్యాలంటే వీధివాళ్ళందరూ సంతకం పెట్టాలన్నాడట. ఒక్కరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. దొంగల భయం అన్నాను. "మీ కొట్లో గొడుగులు తప్ప ఏముంటాయండీ, దొంగలు కూడా వానాకాలమే వస్తారు," అని వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు, అంటే పోయినేడు, వినాయక చవితి వెళ్ళాక, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆవిడ మా కొట్టుకి వచ్చారు.

"నల్ల గొడుగులు కావాలండీ. పాడైపోయినవి."

"పాడైనవి నేను అమ్మను పిన్నిగారూ."

"నేను కొంటాననలేదు కదండీ. అవి ఏం చేస్తారు?"

"కంపెనీకి వెనక్కి పంపేస్తాం."

"వాళ్ళేం చేస్తారు?"

"పారేస్తారు."

"వాళ్ళు పారేసేదాకా నా దగ్గర ఉంచండి."

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఇన్నేళ్ళకి ఆవిడకి నాతో అవసరం పడింది. కుర్చీ వేసి, నిమ్మసోడా తెప్పించి, నెమ్మదిగా విషయంలోకి వచ్చాను. "అలాగే ఇస్తానండీ. నాకూ ఒక పిలక..."

సోడా గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "మీరు ఇస్తానంటే నాకొద్దండీ. మీరిస్తే నేనూ ఇవ్వాలి. పెట్టుకోమనండి, పెట్టుకుంటాను. మీవి మీవిగానే ఉంటాయి."

చేతికి అందిన బేరం వేళ్ళ సందులోంచి జారిపోవడం అంటే ఏమిటో ఆరోజు చూశాను. "పెట్టుకోండి," అన్నాను. అప్పుడు మళ్ళీ సోడా అందుకున్నారు. అది తాగి, ఊచలు విరిగిన గొడుగులూ పిడి ఊడిన గొడుగులూ ఒక్కొక్కటే విప్పి, గుమ్మంలోకి తీసుకెళ్ళి, ఎండకి ఎత్తి పట్టుకుని లోపల్నుంచి చూశారు. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే పక్కన పెట్టేశారు. ఊరికే తీసుకెళ్ళే పాడైన గొడుగుల్లో ఏరుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"ఇది పల్చగా ఉందండీ. ఇలాంటివి అమ్ముతున్నారా మీరు?"

ఆ సాయంత్రం నుంచి మా వీధికి కొత్త వేడుక వచ్చింది. దీపం వెలిగే వేళకి పిన్నిగారు ఒక్కో కుండీలో కర్ర గుచ్చి, కర్రకి గొడుగు కట్టి, దీపం వైపు వాల్చేవారు. పొద్దున్న పాలవాడు రాగానే అన్నీ ముడిచేసేవారు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, గోడ పక్కన నల్లగొడుగులు బారుతీరి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆగి, పైకి చూసి, చెయ్యి చాపి, చినుకులేమైనా పడుతున్నాయేమో చూసుకుని వెళ్ళేవారు. నాకూ లాభమే జరిగింది. ఎవరడిగినా గొడుగులు మా కొట్టువని చెప్పమన్నాను. ఆవిడ చెప్పేవారు, పాడైనవని కూడా కలిపి.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం కొట్టు కట్టేసి వస్తుంటే గోడ పక్కన గొడుగుల్లేవు. చామంతులన్నీ, మూల నీడలో ఉండే సత్తు గిన్నెతో సహా, తెల్లటి వెలుగులో బట్టబయలుగా నిలబడి ఉన్నాయి. పిన్నిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గొడుగులు పక్కనే, తాడుతో కట్ట కట్టి ఉన్నాయి.

"మర్చిపోయారా పిన్నిగారూ? ఉండండి, నేను కడతాను."

"వద్దులెండి."

"అయ్యో, ఇప్పుడే కదండీ మొగ్గలొచ్చే టైము! ఈ వెలుగు పడితే మళ్ళీ ఆకులేస్తాయి. గూడెం ఆవిడవి ముందు పూసేస్తాయి."

"పూయనివ్వండి."

నేను గొడుగుల కట్ట తాడు విప్పబోయాను. ఆవిడ కట్ట మీద చెయ్యి వేసి సంగతి చెప్పారు. గూడెం ఆవిడ స్నానాలగదిలో జారి పడ్డారట. తుంటి ఎముక విరిగిందట. ఆపరేషను అయిందట, లేచి నాలుగడుగులు వేస్తున్నారుగానీ రైలూ బస్సూ ఎక్కే స్థితి కాదట. రెండు వీధుల అవతల ఉండే పిన్నిగారి కూతురు వచ్చి చెప్పి వెళ్ళిందట.

"నావి ముందు పూశాయనుకోండి," అన్నారు పిన్నిగారు. "అది ఎలా వస్తుందండీ?"

"మీరు వెళ్ళచ్చు కదండీ. చూడ్డానికి."

"పిలవకుండానా?"

నా జన్మలో నేను ఎక్కువకి అమ్మాలనీ తక్కువకి కొనాలనీ బేరాలాడాను. ఓడిపోవడానికి ఇంత జాగ్రత్తగా ఏర్పాటు చేసుకున్న మనిషిని అదే మొదటిసారి చూడ్డం. గొడుగుల కట్ట భుజాన వేసుకుని కొట్టుకి తెచ్చేశాను. ఆవిడ వెనకనుంచి, "లెక్క చూసుకోండి, మీవి మీకొచ్చేశాయి," అన్నారు.

కార్తీకం వచ్చింది. గూడెం నుంచి పువ్వు వచ్చింది, తడిగుడ్డలో చుట్టి. నన్ను పిలిచి మరీ చూపించారు.

"చూశారా, ముందు పూసేసింది. ఆదివారం వెళ్ళాలి."

చూశాను. అరచెయ్యంత పువ్వు. ముద్దగా, నిమ్మపండు రంగులో, మధ్యలో ఇటుక రంగు మచ్చయినా లేదు. బజార్లో గంపలకొద్దీ అమ్మే పువ్వు. మనిషి మంచాన పడి ఉన్న ఇంట్లో, దసరా వానలకి, చూరు కిందకి లాగే దిక్కులేక ఆ మొక్కలేమయ్యాయో ఎవరికైనా తెలుస్తుంది. నాకు తెలిసింది. నోరు ఊరుకోలేదు.

"పిన్నిగారూ, ఇది బజారు పువ్వు కదండీ?"

ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఒక అడుగు వెనక్కి వేశాను.

"మీకు గొడుగులు తెలుసు. పూల సంగతి మీకెందుకండీ?"

ఆ పువ్వు తల్లో పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున్న పాత బస్టాండులో బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. ఒక చేతిలో చిన్న కుండీ, నిండా పిలకలు. రెండో చేతిలో గుడ్డసంచి. సంచి అందుకుంటే భుజం కిందకి లాగేసింది.

"ఏముందండీ ఇందులో?"

"రాయి."

"రాయేమిటండీ?"

"పొత్రమండీ. ఇక్కడ రోలు లేకుండా దీన్నేం చేసుకుంటాను? మంచం కోడు కింద పెట్టుకోనా?"

కుండీ సంగతి అడగలేదు. అప్పటికే ఒకసారి అడిగి తిన్నది చాలు. ఆవిడే కిటికీలోంచి చెప్పారు: "ఓడినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళాలని అత్తయ్యగారు చెప్పలేదు కదండీ."

సాయంత్రం ఖాళీ సంచితో దిగారు. చేతిలో స్టీలు డబ్బా. మూత తీసి నాకో గారె ఇచ్చారు. రోట్లో రుబ్బిన పిండి, అది వేరే తెలిసిపోతుంది.

"ఎలా ఉన్నారండీ ఆవిడ?"

"ఎలా ఉంటుంది? పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని, నేను వేయిస్తుంటే పక్కనుంచి పేర్లు పెట్టింది. ఉప్పెక్కువ వేసింది, చూడండి."

"మధ్యలో మాటలు ఎవరు చేరవేశారండీ? నేను లేను కదా?"

"మీరు లేకపోతే ఊళ్ళు ఆగిపోతాయా?" అన్నారు, చాలా సంతోషంగా.

ఈ ఏడు వేసవి చివర్లో ఆవిడ నీరసించారు. వానలు పడతాయనగా కుండీలు రిక్షాలో మా కొట్టుకి వచ్చాయి. వెనకాలే ఆవిడ.

"మా చూరు కారుతోంది. మీ చూరు కింద పెట్టుకోండి."

నా కళ్ళు మెరిసి ఉంటాయి.

"ఇచ్చాననుకోకండి. పెట్టుకోమన్నాను."

"అలాగేనండీ."

"చవితి దాకా గిల్లండి. తరవాత చెయ్యి పెట్టకండి."

మళ్ళీ తీసుకెళ్ళలేదు. కర్మకాండలు అయ్యాక వాళ్ళమ్మాయిని అడిగాను. "ఉండనివ్వండి అంకుల్, మాకు జాగా లేదు," అంది. ఇన్నేళ్ళు బేరమాడిన సరుకు ఒక్క మాటకి నా దగ్గర ఉండిపోయింది. అంత చవగ్గా వచ్చినా నాకేమీ సంతోషం కలగలేదు. చవితి దాకా గిల్లాను. నా గోళ్ళకి కూడా పచ్చ పట్టింది. తరవాత సాయంత్రం పూట మా బోర్డు లైటు వెలిగించే ముందు గొడుగులు కట్టాను. ఇప్పుడు మొగ్గలు మిరియాల గింజలంత ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం గూడెం బస్సు కండక్టరు కొట్టులోకి వచ్చి తడిగుడ్డ మూట ఒకటి బల్ల మీద పెట్టాడు. విప్పాను. రూపాయి బిళ్ళంత పువ్వు. మధ్యలో ఇటుక రంగు, అంచుకి లేత పసుపు. కొట్టంతా వాసన.

"గూడెం మామ్మగారు ఇచ్చారండీ. పెద్దావిడ మొక్కలు మీ దగ్గరున్నాయట కదా, ఈ ఏడు మీరు ఓడిపోయారని చెప్పమన్నారు. ఆదివారం భోజనానికి రమ్మన్నారు. వంకాయ కూరట."

"వస్తానని చెప్పండి."

అతను మెట్లు దిగి, ఏదో గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇంకోటండీ. వాళ్ళ వీధిలో కూడా మొన్న కొత్త దీపం వేశారట. వచ్చే ఏటికి నల్ల గొడుగులు, పాడైనవి ఉంటే తెమ్మన్నారు. ఇవ్వక్కర్లేదట. పెట్టుకుంటారట."

అతను వెళ్ళాక అటక మీది పాడైన గొడుగులు దింపాను. ఒక్కొక్కటే విప్పి, గుమ్మంలోకి వెళ్ళి, ఎండకి ఎత్తి పట్టుకుని లోపల్నుంచి చూశాను. ఒకటి పల్చగా ఉంది. పక్కన పెట్టేశాను.